రెండో పాటలో దెబ్బలు

రెండో పాట సగంలో ఉండగా కోటేశ్వరమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

హాల్లో ఆమె కొడుకు వంశీకృష్ణ, రికార్డు తెచ్చిన జ్యోతిక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోయిన భర్త గొంతు ఇన్నేళ్ళకు విని తట్టుకోలేకపోయిందనుకున్నారు. ప్లేయరు మాత్రం ఆపలేదు.

జ్యోతిక వాళ్ళది నల్గొండ వైపు. తండ్రి బాటసింగారం పండ్ల మార్కెట్టుకు లారీ తోలుతాడు. ఆ పిల్లకు పాత రికార్డుల పిచ్చి. ఎల్బీ నగర్‌లో పాత సామాన్ల కొట్టులో అట్ట చిరిగిన ఈ రికార్డు దొరికితే, దాని మీద ఉన్న పట్టాభి పేరు పట్టుకుని, వాళ్ళనూ వీళ్ళనూ అడిగి ఈ ఇల్లు చేరింది.

డెబ్బైల నాటి సంగతి. అప్పట్లో పట్టాభికి దిల్‌సుఖ్‌నగర్‌లో మోటారు షెడ్డు ఉండేది. ఆదివారం వస్తే చాలు, రిపేరుకొచ్చిన కార్ల మధ్యే ఇద్దరు స్నేహితులతో కలిసి గిటార్లు పట్టుకుని కూర్చునేవాడు. అమెరికాలో నల్లవాళ్ళు తమ దుఃఖాన్ని పాడుకునే బ్లూస్ అంటే ముగ్గురికీ ప్రాణం. ఆ బాణీలో సొంతంగా పాటలు కట్టి, షెడ్డులోనే టేపు మీదికెక్కించారు. స్నేహితులు పట్టుబట్టి రికార్డు వేయించారు. కొన్నవాడు లేడు. పట్టాభి ఆ తర్వాత మళ్ళీ గిటారు ముట్టలేదు. ఆ రికార్డును ఇంటికి తీసుకురానూ లేదు. కోటేశ్వరమ్మ వినడం ఇదే మొదటిసారి.

జ్యోతిక నెట్‌లో పెట్టాక ఇప్పుడా పాటల మీద జనం పడిచస్తున్నారు. అందులోనూ రెండో పాట. మొదట గిటారు ఒక్కటే మెల్లగా ఏడుస్తున్నట్టు నడుస్తుంది. ఉన్నట్టుండి ఎక్కణ్ణుంచో దెబ్బలు మొదలవుతాయి. వాటికో తాళం లేదు. గిటారు పట్టించుకోనట్టే తన దారిన తను పోతుంటే, అవి అంతకంతకూ గట్టిపడుతూ దాని వెంటపడతాయి. వినేవాడికి గుండె దడదడలాడుతుంది. తీరా చూస్తే పాట అయిపోకముందే అవి ఆగిపోతాయి.

వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి జ్యోతిక అడిగింది.

“అట్ట మీద మూడే పేర్లున్నయి అమ్మమ్మా. డ్రమ్ములు కొట్టినాయన పేరు లేదు. ఆయన ఎవరో మీకు ఎరుకేనా?”

కోటేశ్వరమ్మ స్టవ్ వైపు తిరిగే జవాబిచ్చింది.

“నాకేం తెలుసమ్మా. ఆళ్ళు పాడుకునేటప్పుడు నేనెప్పుడూ ఆ షెడ్డులో అడుగు పెట్టలేదు.”

ఆ రోజు నుంచీ ఆమెకు అన్నం సయించలేదు. వంశీకృష్ణ ఆఫీసు నుంచి రాగానే తండ్రి పాట పెట్టుకునేవాడు. దెబ్బలు మొదలవగానే ఆమె కుడిచేతి వేళ్ళు వాటంతటవే ముడుచుకుపోయేవి. బాల్కనీలోకి వెళ్ళి నిలబడేది. అక్కడికీ వినిపించేది. ఒకసారి వచ్చి ప్లేయరు వైరు లాగేసింది.

“నాన్న పాటంటే నీకెందుకమ్మా అంత మంట?” అని కొడుకు నొచ్చుకున్నాడు.

ఇంతలో డ్రమ్మర్ దొరికాడు. వనస్థలిపురంలో ఉంటున్న రామమోహనరావు. ఒకప్పుడు పెళ్ళిళ్ళలో, గణపతి పందిళ్ళలో ఆర్కెస్ట్రాకు వాయించినవాడు. పట్టాభి షెడ్డుకు వస్తూ పోతూ ఉండేవాణ్ణనీ, ఆ చెయ్యి తనదేననీ తనే వచ్చి చెప్పాడు. జర్మనీ కంపెనీ ఒకటి ఆ రికార్డును కొత్తగా వెయ్యబోతోంది. అట్ట మీద ఇక ఆయన పేరు కూడా ఉంటుంది. ఆదివారం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కెఫేలో ఆయనకు సన్మానం.

ఈ సంగతి వింటూనే కోటేశ్వరమ్మ బాల్కనీలోకి వెళ్ళిపోయింది. ఆదివారం కొడుకు బయల్దేరుతుంటే మాత్రం చీర మార్చుకుని వచ్చి, తనూ వస్తానంది. వంశీకృష్ణ పొంగిపోయాడు.

కెఫే నిండా కుర్రకారు. ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టారు. రెండో పాట పెట్టారు. దెబ్బలు మొదలవగానే తలలు ఊగాయి, కాళ్ళు నేలను తట్టాయి. ఎవరో ఈల వేశారు. కోటేశ్వరమ్మ కుర్చీ అంచు పట్టుకుని కూర్చుంది.

పాట అయ్యాక రామమోహనరావుకు శాలువా కప్పారు. అంత ఆవేశంగా ఎలా వాయించారని జ్యోతిక అడిగింది. ఆయన నవ్వాడు.

“ఆ వయసు అలాంటిదమ్మా. సంతోషం పట్టలేక బాదేశాను.”

కోటేశ్వరమ్మ లేచి నిలబడింది.

“ఆయన కాదు,” అంది. “ఆ దెబ్బలు నావి.”

రామమోహనరావు ఆమె మొహంలోకి చూసి, తల దించుకుని, శాలువా తీసి కుర్చీ మీద పెట్టాడు. అంతకన్నా రుజువు ఎవరూ అడగలేదు. ఆ రోజుల్లోనే డ్రమ్ములు వాయించిన ఆడమనిషి. చప్పట్లు మోగాయి. అందరూ లేచి నిలబడ్డారు. ఫోన్లు పైకి లేచాయి. ఇంత గొప్ప సంగతిని తల్లి ఇన్నేళ్ళూ ఎందుకు దాచిందో వంశీకృష్ణకు అర్థం కాలేదు. గర్వంతో అతని కళ్ళు చెమర్చాయి.

జ్యోతిక మైకు పట్టుకుని పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఒక్కటి చెప్పున్రి అమ్మమ్మా. పాట ఇంకా ఒడువకముందే ఎందుకు ఆపేశిన్రు?”

చప్పట్లు సద్దుమణిగేదాకా కోటేశ్వరమ్మ ఆగింది.

“అది డ్రమ్ము కాదమ్మా, షెడ్డు రేకుతలుపు, ఫిట్సొచ్చిన మా పెద్దపిల్లని భుజాన వేసుకుని, ఆస్పత్రికి కారు తియ్యమని ఆయన్ని పిలుస్తూ బాదాను, పిల్ల కదలడం మానేశాక ఇంకెవరి కోసమని ఆపేశాను.”