అంటు కింది కొమ్మ

కిటికీ కింద గులాబీ మొక్క సన్నకొమ్మకు కత్తెర పెట్టాను. పక్కనున్న లావుకొమ్మ మూడేళ్లలో కిటికీ దాటి డాబా ఎక్కింది కానీ ఒక్క పువ్వూ పూయలేదు. ఈ సన్నదాన్ని తీసేస్తే దాని బలం లావుదానికి చేరుతుందని నా లెక్క. రేపు ఆసుపత్రికి రానని మొండికేసిన నా భార్య ఊర్మిళకు కనీసం ఒక గులాబీ చూపించాలి.

"దాన్ని కొయ్యకుండ్రి," కిటికీ లోపల మంచం మీంచి అంది ఊర్మిళ. "లావుది అడవి గులాబి. అంటు కట్టినకాడికి కింద మొలిచింది. మీరు బొల్లారంల కొన్న తీగ గులాబి ఆ సన్నదే."

"ఎప్పటిసంది ఎరుక నీకు?"

"మొదటిసంది."

"మరి చెప్పవైతివి?"

"చెప్తే మొత్తం పీకేద్దురు. రెజిమెంటల్ బజార్ దుకాణంల నడవని సరుకు మీరెన్నడన్న ఉంచిండ్రా? కంప్యూటర్ బల్లలు రాంగనే ట్రంకుపెట్టెలు తుక్కుల ఏస్తిరి. ఏడాదిసంది మంచంల ఉన్న, నాది సుత గదే లెక్క కద."

మట్టి తవ్వి లావుకొమ్మను మొదలంటా తెంపాను. కిటికీ బోసిపోయింది. మిగిలిన జానెడు కొమ్మను పుల్లకు కట్టాను.

"ఇది పైకి రానీకి మల్ల మూడేండ్లు," అంది ఊర్మిళ. "అందాంక నేనుంటనా?"

"ఉండాలె. అడవిది మల్ల మొలుస్తది. ఏది ఏదో నాకు గుర్తువట్టరాదు."

ఆమె కిటికీ వైపు ఒరిగి ఆ చిన్న కొమ్మను చూసింది.

"పొద్దుగాల దవాఖానకు ఎన్ని గంటలకు పోవాలె?" అని అడిగింది.