డబ్బా మూతలో అన్నం

హన్మయ్యకు మటన్ పెట్టారు. బోటి పెట్టారు. కల్లు సీసా మూత తీసి పక్కన నిలబెట్టారు. అయినా పిట్ట రాలేదు.

మూడోరోజున పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి పిట్టకు పెడతారు. ముడితే పోయిన మనిషి మనసు నిమ్మళించినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ మెతుకు నోట పెట్టకూడదు.

నాచారంలో రేకుడబ్బాల కంపెనీ వెనక పొట్టి గోడ. దానిమీదే పెట్టాలని హన్మయ్య భార్య సారలమ్మ పట్టుబట్టింది.

"ఇంట్ల కంటె ఈడనే ఎక్కువున్నడు. ఈడికే వస్తడు."

నిజమే. ముప్పై ఒక్క ఏళ్లు ఆ కంపెనీలో ఫిట్టరు. జ్వరమొచ్చినా లీవు పెట్టలేదు. మొన్న పొద్దున డ్యూటీ బూట్లు తొడుక్కుంటూ తొడుక్కుంటూనే పోయాడు. నాగా పెట్టింది ఆ ఒక్కరోజే.

విస్తరాకు కూడా వద్దంది సారలమ్మ. ఆయన టిఫిన్ డబ్బా మూతలోనే వడ్డించింది.

పన్నెండు దాటింది. ఒక్క కాకి లేదు.

"ఈ పొగల కాకులెక్కడియి అక్కా?" అని విసుక్కున్నాడు సారలమ్మ తమ్ముడు కొమురెల్లి. షుగర్ మనిషి, ఆకలికి ఆగలేడు. "బావకు ఏదో కోరికున్నది. ఏందో సూడుండ్రి."

పెద్దకొడుకు దయాకర్ చేతులు జోడించాడు. "బాపూ, అమ్మను మంచిగ సూసుకుంట." అది ఎలాగూ చేయాల్సిందే కదా. కాకి రాలేదు.

చిన్నకొడుకు దుర్గేష్ ముందుకొచ్చాడు. "బాపూ, గుట్కా మానేస్త." కాకులు నమ్మినట్టు లేదు.

"టైమెంతయింది?" అంది సారలమ్మ.

"పన్నెండున్నర."

"ఊఁ" అని కూర్చుంది.

ఇక మిగిలింది ఒక్కటే. అది అక్కడున్న అందరికీ తెలుసు. అన్నదమ్ముల మధ్య రెండేళ్లుగా మాటల్లేవు. నీళ్ల ట్యాంకు నిండి పొర్లిన రోజు మోటారు ఎవరు ఆపలేదన్న దగ్గర మొదలైంది. హన్మయ్య కట్టించిన ఇంట్లోనే ఒకడు కింద, ఒకడు పైన. కంపెనీ నుంచి వచ్చాక ఆయనకు ఇదే రెండో షిఫ్టు. కింది మాట పైకి, పై కూరగిన్నె కిందికి. మెట్లెక్కి దిగి మోకాళ్లు అరిగాయిగానీ కొడుకులు మెత్తబడలేదు.

దయాకర్ గొంతు సవరించుకున్నాడు. "మామా, ఇగ నుంచి మోటర్ నేనే బంద్ జేస్తనని వానికి జెప్పు."

"వాడు నీ పక్కనే ఉన్నడు గదరా" అన్నాడు కొమురెల్లి.

"మీ బాపు ఇంటుండు" అంది సారలమ్మ. "మామతోని జెప్పిస్తే పిట్ట ముట్టదు. టైమెంత?"

"పది తక్కువ ఒకటి."

"జర జల్ది కానియ్యుండ్రి."

అక్కకూ ఆకలైందనుకున్నాడు కొమురెల్లి.

దయాకర్ ఆ మూత వంక చూశాడు. సొట్టలు పడిన మూత. కూరగిన్నె పట్టుకుని మెట్ల మధ్యలో ఆగి ఊపిరి తీసుకునే తండ్రి గుర్తొచ్చాడు. ఏడుపు ఆగలేదు.

"తమ్మీ, గా దినం మోటర్ మర్శింది నేనేరా."

దుర్గేష్ తల దించుకున్నాడు. "నాకెరుకే అన్నా. నీళ్లు పొర్లేది పైకెంచి సూసిన. నేనన్న బంద్ జెయ్యొచ్చు. కావాల్నని జెయ్యలే."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా ఏడ్చారు. కొమురెల్లి కూడా ఆకలి మర్చిపోయి ఏడ్చాడు.

కంపెనీలో లంచ్ సైరన్ మోగింది. ఎక్కడున్నాయో ఏమో, పదిహేను ఇరవై కాకులు ఒక్కసారిగా వచ్చి గోడ మీద వాలాయి. మూత మీద పడి మెతుకు మిగల్చకుండా తినేశాయి.

"సూసిన్రా? బావ మనసుల గిదే ఉండె" అని కొమురెల్లి దండం పెట్టాడు.

"ఔ, గిదే ఉండె" అంది సారలమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

ముప్పై ఒక్క ఏళ్లుగా రోజూ ఒంటిగంట సైరన్ మోగగానే హన్మయ్య తన మొదటి ముద్దను అదే గోడ మీద, అదే మూతలో కాకులకు పెట్టేవాడన్న సంగతి, వాటి కోసం డబ్బాలో గుప్పెడన్నం ఎక్కువ సర్దిన సారలమ్మకు తప్ప ఇంకెవరికీ తెలియదు.