డేగ సినిమాల విలన్

ఏజెంట్ డేగ సినిమాల్లో మొదట విలన్లు పరాయి దేశాల వాళ్లు, తర్వాత స్మగ్లర్లు. ఎవరికీ కోపం రాకూడదని ముప్పయ్యో సినిమా నుంచి కంపెనీ ఒక్క ముఖాన్నే ఖాయం చేసుకుంది. అది బొడ్డేపల్లి అప్పలసూరి ముఖం. వయసులో ఉండగా, వేషం దొరికిందన్న సంబరంలో, ఆ ముఖాన్ని శాశ్వతంగా వాడుకోమని సంతకం పెట్టేశాడు.

ఇప్పుడు సినిమా హాళ్లు లేవు. ఇంటింటా గోడమీద రోజుకో కొత్త డేగ సినిమా దానంతటదే తయారవుతుంది. చివర్లో గోడ అడుగుతుంది, "వీణ్ణి ఎలా చంపమంటారు?" అని. ఇంటివాళ్లు ఎలా చెబితే అప్పలసూరి అలా చస్తాడు. బస్సులో అతని పక్కన ఎవరూ కూర్చోరు.

అతన్ని తనింట్లో ఉంచుకున్న కూతురు సుగుణ మాత్రం రోజూ "పారిపోనివ్వు" అనేది. "మనింట్లో ఒక్కనాడూ సినిమా సరిగ్గా ముగియదు" అని అల్లుడు విసుక్కునేవాడు.

ఒక రోజు అపార్ట్‌మెంటు వాళ్లు వచ్చారు. ముసలాయన్ని చూసి పిల్లలు జడుసుకుంటున్నారనీ, ఆయన్ని పంపించకపోతే ఇంటిల్లిపాదీ ఇల్లు ఖాళీ చెయ్యాలనీ చెప్పి వెళ్లారు.

సాయంత్రం గోడ ఎప్పటిలాగే అడిగింది. సుగుణ బట్టలు మడతపెడుతూ, "నీళ్లల్లో ముంచు" అంది.

"త్వరగానా, నెమ్మదిగానా?"

"నెమ్మదిగా."

గోడమీద తన ముఖం ఊపిరికోసం నోరు తెరవడం చూసి అప్పలసూరి కుర్చీలోంచి లేచాడు.

"కూర్చో నాన్నా," అంది సుగుణ, గోడమీంచి చూపు తిప్పకుండా. "ఇంకా చావలేదు."