సగం దగ్గర ముల్లు

చెన్నైలో కార్ల రేసు ట్రాక్ మీద మూడో రౌండుకే ఫిన్నీ కారు ఉడికిపోయింది. పక్కకు తీసి బానెట్ ఎత్తాడు. గుప్పున ఆవిరి.

అతని ముందునుంచే సాయి కిరణ్ కారు రయ్యిన వెళ్లింది. ఇద్దరివీ ఒకే మోడల్, ఒకే ఏడాది కొన్నవి. ఫిన్నీది తెనాలి, సాయి కిరణ్‌ది బాపట్ల. కాలేజీలో ఒకే బెంచీ.

కాసేపటికి సాయి కిరణ్ కూడా వచ్చి ఆగాడు. ఇంజిన్ ఇంకా తిరుగుతూనే ఉంది. ఫిన్నీ కిటికీలోంచి తల దూర్చాడు. ఇంజిన్ వేడి చూపే టెంపరేచర్ ముల్లు సరిగ్గా సగంలో, ఉండాల్సిన చోటే ఉంది.

"ఏం చేయించావురా దీనికి?"

"ఏం చేయించలేదురా. కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది."

దాస్తున్నాడనుకున్నాడు ఫిన్నీ. ఆ ముల్లు అతని కళ్లలోనే గుచ్చుకుంది.

తెనాలి రాగానే మెకానిక్ శాలేమురాజు షెడ్డుకు వెళ్లాడు. పెద్ద రేడియేటర్ వేయించాడు. గాలి పక్కలకు పోకుండా దాని చుట్టూ సందులన్నీ రేకుతో మూయించాడు. ఇంజిన్ ఆయిల్‌కి వేరే కూలర్. వేడి బయటికి పోవడానికి బానెట్‌కి కంతలు.

తర్వాతిసారి పన్నెండు రౌండ్లూ ఆగకుండా తిరిగాడు. కప్పు అతనికే ఇచ్చారు. సాయి కిరణ్ మాత్రం రెండేసి రౌండ్లకోసారి పక్కకొచ్చి, బానెట్ ఎత్తి, తాపీగా మంచినీళ్లు తాగుతూ నిలబడ్డాడు. ఎంత పొగరు!

ఇంటికొచ్చాక ఫిన్నీకి ముద్ద దిగలేదు.

"కప్పు మీకే వచ్చిందిగా. ఇంకా ఏంటండీ ఆ మొహం?" అంది భార్య జెన్నిఫర్.

"చివర్లో నా ముల్లు కొంచెం లేచింది. వాడి కారులోకి తొంగి చూశాను, వాడిది లేవలేదు."

నెల తిరక్కుండా బాపట్ల వెళ్లాడు. "కార్లు మార్చుకుందాంరా" అన్నాడు.

సాయి కిరణ్ నవ్వాడు. "అంత పని చేయించి నాకిస్తావా? బాగా ఆలోచించుకో."

"ఇవ్వడం ఇష్టంలేక అంటున్నావు కదూ?"

కాగితాలు మారిన రోజు సాయి కిరణే కారు స్టార్ట్ చేసి, గేటు ముందు పెట్టి దిగాడు. ఫిన్నీ దారంతా ముల్లునే చూసుకుంటూ నడిపాడు. పొన్నూరు దాటినా సగమే. మండుటెండలో రైల్వే గేటు దగ్గర ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి ఇరవై నిమిషాలు ఆగినా సగమే. ఇన్నాళ్ల కడుపుమంట చల్లారింది.

నేరుగా షెడ్డు ముందు ఆపాడు.

"చూడు శాలేమురాజన్నా, కారంటే ఇదీ!"

శాలేమురాజు కిటికీలోంచి చెయ్యి పెట్టి, ఇంజిన్ ఆపి, తాళంచెవి బయటికి లాగాడు. మిగతా ముళ్లన్నీ కిందికి పడిపోయాయి, టెంపరేచర్ ముల్లు మాత్రం సగం దగ్గరనుంచి కదల్లేదు.