కొత్తమనిషి కుర్చీ

"మాట్లాడకండి. పరీక్ష అయ్యేదాకా ఎవరూ ఎవరితోనూ కబుర్లు పెట్టుకోకూడదు" అంటూ సైకాలజీ మేడమ్ తలుపు తీసింది.

పచ్చ స్వెటరు వేసుకున్న ఆమె పాపనెత్తుకుని లోపలికి వచ్చింది. వెనకాలే, హమ్మయ్య, ఏజెన్సీ పంపిన కొత్తమనిషి కూడా వచ్చేసింది. మేడమ్‌కు ప్రాణం లేచొచ్చింది. రోజూ వచ్చే సహాయకురాలు జ్వరమని సెలవు పెట్టడంతో, పొద్దున్నుంచీ ఆమె కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

కొత్తమనిషి లేకపోతే ఆ పరీక్షే లేదు. గదిలో కాసిని బొమ్మలు, రెండు కుర్చీలు, ఏడాది నిండిన బిడ్డ. అమ్మ కాసేపు బయటికి వెళ్ళాలి. ముక్కూమొహం తెలియని ఒకామె బిడ్డతో ఉండాలి. అమ్మ తిరిగి రావాలి. అప్పుడు బిడ్డ ఏం చేస్తుందో లోపలివాళ్ళకు కనబడకుండా అద్దం వెనక నుంచి చూసి రాసుకోవడమే మేడమ్ పని. మనిషి జీవితానికి ఎనిమిది మెట్లని ఆమె ఇరవై ఏళ్ళుగా కాలేజీలో పాఠం చెబుతోంది. ఎనిమిదోది ముసలితనంలో తృప్తి. మొదటిది నమ్మకం. అది ఒళ్ళో కూర్చునే వయసులోనే కుదరాలనీ, లేకపోతే పైమెట్లన్నీ ఊగుతూనే ఉంటాయనీ అంటుంది.

ఈ పాప ఫైలు ఆమెకు కంఠతా వచ్చు. పురుడు కాగానే తల్లికి పెద్ద జబ్బు చేసింది. తొమ్మిది నెలలు ఆసుపత్రిలోనే ఉండిపోయింది. పాపను ఇంట్లోవాళ్ళు సాకారు. ఆమె ఇంటికొచ్చి మూడు నెలలైంది. ఫైలు చివర ఆమె రాసిన ఉత్తరం ఉంది. "పాపకు నేను అమ్మనయ్యానో లేదో చూసి చెప్పండి. మనసు నొచ్చుకుంటుందని అబద్ధం మాత్రం చెప్పకండి." అది చదివినప్పటి నుంచీ మేడమ్ మనసు మనసులో లేదు.

"మీరు ఇటు" అని పచ్చ స్వెటరామెకు తలుపు పక్క కుర్చీ చూపించింది. రెండో ఆమె వైపు తిరిగి, "మీరు కిటికీ పక్కన. ఈ గదిలో మీరు కొత్తమనిషి. పాపను మీరుగా ముట్టుకోకూడదు. తనే రావాలి" అంది.

"నేనా అండీ?"

"మీరే. ఫైలంతా చదివాకే చెబుతున్నాను."

"అది కాదు మేడమ్, అసలు..." అని పచ్చ స్వెటరామె ఏదో అనబోయింది.

కొత్తమనిషి వద్దన్నట్టు తల ఊపింది. "మేడమ్‌కు తెలుసు" అంది నెమ్మదిగా.

పద్ధతి తెలిసిన మనిషే అని మేడమ్ సంతోషించింది.

అద్దం వెనక కూర్చున్న ఐదు నిమిషాల్లోనే ఆ సంతోషం ఆవిరైపోయింది. కొత్తమనిషి పాపను చూపులతోనే మింగేసేలా ఉంది. గుడ్డ పిట్టను నేలమీద పాపవైపు తోసింది. పాప మొహం తిప్పేసుకుని పచ్చ స్వెటరు అంచు పట్టుకుంది. కొత్తమనిషి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

ఇదేం చోద్యం! పరాయి బిడ్డ బొమ్మ పుచ్చుకోకపోతే ఎవరైనా ఏడుస్తారా? మేడమ్ కాగితం అంచున రాసుకుంది: "కొత్తమనిషికి నిబ్బరం లేదు. మళ్ళీ పిలవకూడదు."

గంట కొట్టింది. పచ్చ స్వెటరామె బయటికి వెళ్ళింది. పాప తలుపు దాకా దోగాడి, ఇల్లెగిరిపోయేలా ఏడుపు అందుకుంది. కొత్తమనిషి, మేడమ్ చెప్పిన మాటంతా గాలికొదిలేసి, పాపను ఎత్తుకుంది. పాప వెనక్కి విరుచుకుని, చిన్న చేత్తో ఆమె చెంప నెట్టేసింది. అయినా ఆమె దించలేదు. సన్నగా ఏదో జోలపాట అందుకుంది. పాప ఒక్క క్షణం ఏడుపాపి ఆమె నోటివైపు చూసింది.

"పాటలు పాడమని ఎవరన్నారు తల్లీ నిన్ను! నా పరీక్షంతా పాడుచేస్తున్నావు" అని గొణుక్కుని మేడమ్ గబగబా రెండో గంట కొట్టింది.

తలుపు తెరుచుకుంది. పాప ఒక్కసారిగా అటు దూకింది. పచ్చ స్వెటరు భుజంలో మొహం దాచుకుని పదమూడు సెకన్లలో ఏడుపు ఆపేసింది. మేడమ్ స్టాప్‌వాచ్ రెండుసార్లు చూసుకుంది. ఇంత గట్టి బంధం ఆమె ఈ మధ్య చూడలేదు. ఆ ఉత్తరానికి జవాబు దొరికింది. అందులో అబద్ధమాడాల్సిన అవసరమే లేదు. ఆమె కళ్ళు చెమర్చాయి.

ఒక్క అంగలో గదిలోకి వచ్చి పచ్చ స్వెటరామె చెయ్యి పట్టుకుంది.

"ఇక ఏ అనుమానమూ పెట్టుకోకండి. పాపకు మీరంటే ప్రాణం. మిమ్మల్ని కాదని ఇంకెవరి దగ్గరికీ పోదు. ఇది నేను ఓదార్పుకు చెప్పడం లేదు, కళ్ళారా చూసి చెబుతున్నాను."

ఆమె సంతోషించలేదు. పాపను గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తొమ్మిది నెలల బెంగ మరి, ఏడవనీ పాపం అనుకుంది మేడమ్. కిటికీ పక్కన కొత్తమనిషి గుడ్డ పిట్టను ఒళ్ళో పెట్టుకుని తలవంచుకు కూర్చుంది.

"మీ పనైపోయింది. ఇక వెళ్ళొచ్చు" అంది మేడమ్, పుల్లవిరిచినట్టు.

ఆమె కదల్లేదు. ఆమెతో వాదించే ఓపిక లేక మేడమ్ ఫైలు తెరిచి, పెన్ను మూత తీసి, పచ్చ స్వెటరామె ముందు పెట్టింది.

"ఇక్కడ తల్లి సంతకం చేస్తే చాలు. హాయిగా పాపను తీసుకుని వెళ్ళిపోవచ్చు."

పచ్చ స్వెటరామె చెయ్యి చాపలేదు.

కిటికీ పక్కనున్న ఆమె లేచి వచ్చి సంతకం చేసింది.