ఎవరి మనిషి?

నల్ల జెండా దళం నాయకుడు యాసిర్ బూటుకాలితో తన్నగానే సమాధి తలవైపు రాయి ఒరిగింది. కాళ్ళవైపు రాయిని అతని మనిషి పీకి దూరంగా విసిరేశాడు.

"సమాధి జానెడు ఎత్తుకు మించకూడదు. రాళ్ళూ జెండాలూ అన్నీ పాపం. మూడోసారి చెప్తున్నాను, పెద్దమ్మా."

ముసలి బఖ్తవరా నెమ్మదిగా వెళ్ళి, విసిరేసిన రాయిని రెండు చేతులా ఎత్తుకొచ్చింది. "నేనూ మూడోసారి నిలబెడుతున్నాను, నాయనా."

"ఈసారి నిన్నే దీని పక్కన పాతిపెడతాం."

"పెట్టు. గొయ్యి మాత్రం పొడుగ్గా తవ్వించు. నా కాళ్ళు బయటికొస్తే అదీ జానెడు మించిపోతుంది."

వెనకున్న వాడికి నవ్వు ఆగలేదు. యాసిర్ వాడి వైపు ఉరిమి చూసి బండెక్కాడు. బండి మీది నల్ల జెండా దుమ్ములో కనుమరుగైంది.

పది రోజుల్లో లోయ చేతులు మారింది. తెల్ల జెండా వాళ్ళు దిగారు. గడ్డాలు అవే, తుపాకులు అవే. నమాజులో నల్ల జెండా వాళ్ళు చేతులు గుండెల మీద కడితే వీళ్ళు బొడ్డు కింద కడతారు. వాళ్ళు వీళ్ళను దారి తప్పినవాళ్ళంటారు, వీళ్ళు వాళ్ళను మతం తప్పినవాళ్ళంటారు. ఆ తగువులో గడిచిన ఏడాదిలోనే ఊరి శ్మశానం రెట్టింపైంది.

తెల్ల జెండా వాళ్ళ ముల్లా నియాజ్ తన మనుషుల చేత పారలు మోయించుకుంటూ తిన్నగా అక్కడికే వచ్చాడు.

"రాళ్ళు లేనివన్నీ వాళ్ళ సమాధులే. తవ్వి ఏట్లో పారేయండి."

బఖ్తవరా దగ్గర ఆగాడు. "ఈ రాళ్ళు నిన్న పెట్టినట్టున్నాయే! నీ కొడుకు తోర్యాలై ఎవరి మనిషి? మావాడైతే జెండా పాతిస్తాను. వాళ్ళవాడైతే బయటికి తీయిస్తాను."

"నా గడప లోపల కన్నుమూశాడు. నా చేతి నీళ్ళు తాగాడు. నా మనిషి."

"ఏ దళమో తల్లివి నీకు తెలీదా?"

"అడిగితే చెప్పేవాడే. నేను అడగలేదు."

"నమాజులో చేతులెక్కడ కట్టేవాడు?"

"నేను చూసినప్పుడు రెండు చేతులతో కడుపు పట్టుకుని ఉన్నాడు. తూటా అక్కడ దిగింది."

గోడ వెనక నిలబడి ఊరంతా చూస్తోంది.

ముల్లా సైగ చేశాడు. పార లేచింది. బఖ్తవరా సమాధి మీద అడ్డంగా పడుకుంది.

"ముందు నన్ను తవ్వండి! ముసలిదాని ఒంటి మీద చెయ్యేసి, ఆ తర్వాత ఈ లోయలో తలపాగా కట్టుకుని ఎట్లా తిరుగుతారో నేనూ చూస్తాను."

పార పట్టినవాడు ముల్లా ముఖం చూశాడు. ముల్లా ఊరి ముఖం చూశాడు. ఎండ చురుక్కుమంటోంది. ఆమె కదల్లేదు.

"వదిలేయండి," అన్నాడు చివరికి. "కన్నపేగు. దానితో మనం గెలవలేం."

వాళ్ళు వెళ్ళేదాకా ఆమె అట్లాగే ఉంది. వెళ్ళిపోయేవాళ్ళ వీపులు ఈ జన్మకు సరిపడా చూసింది కాబట్టి తల కూడా తిప్పలేదు. లేచి, మట్టి దులుపుకుని, కదిలిన రాయిని మళ్ళీ గట్టిగా నొక్కింది.

తోర్యాలై శవం ఇంటికి రానేలేదు. ఆ రాళ్ళ కింద ఉన్నవాడు, తోర్యాలైని కాల్చింది తానేనని ఒప్పుకుని, నెత్తురోడుతూ ఆమె గడప దాటి, పగవాడికైనా ఆ లోయలో కాదనకూడని శరణు అడిగిన మనిషి.