తలుపు వెనక పటం

కమలకుమారి ట్రంకుపెట్టెలో చీరలు సర్దుతుంటే విద్యావతి ఒక్కొక్కటే తీసి మళ్లీ మంచం మీద పెడుతోంది.

"అన్నీ ఎందుకు బిడ్డా? నెల తిరక్కముందే వస్తవు గద."

"ఎప్పుడొస్తానో ఏం చెప్పను పిన్నిగారూ. బడి ఎప్పుడు తెరుస్తారో, తెరిచినా నన్ను రానిస్తారో లేదో."

అది 1969 జూన్. నాంపల్లిలో విద్యావతి ఇంటి ముందు గది కిరాయికి తీసుకుని, కమల దగ్గర్లోని ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ చెబుతోంది. సొంతూరు తెనాలి. తెలంగాణ కావాలని ఊరంతా కదలడంతో బడులు మూతపడ్డాయి. ముందురోజు పొద్దున వీధి తలుపు మీద ఎవరో సుద్దముక్కతో 'గైర్ ముల్కీ వెళ్లిపో' అని రాసిపోయారు. గైర్ ముల్కీ అంటే ఈ ప్రాంతం కానివాళ్లు. విద్యావతి తడిగుడ్డతో తుడిచేసింది గానీ కమల అప్పటికే చదివేసింది.

"రాసింది నేను కాదు కమలా," అంది పద్మ, గడపలో నిలబడి జడ వేసుకుంటూ. "నేనైతే తప్పుల్లేకుండ రాస్తుంటి."

పద్మ విద్యావతి కూతురు. బి.ఎడ్. చదివి, కమల చేస్తున్న ఉద్యోగానికే దరఖాస్తు పెట్టి, రాక ఇంట్లో కూర్చుంది. ఆబిడ్స్‌లో ఊరేగింపు జరిగిన ప్రతిసారీ ముందు వరసలో నడిచేది.

"నువ్వైతే నా మొహం మీదే చెబుతావుగా," అంది కమల.

"చెప్పిన గద. నా నౌకరి నీకిచ్చిన్రు. తప్పు నీది కాదు, ఇచ్చినోళ్లది. గందుకే రోడ్డు మీదికి పోతున్న. నువ్వు పిల్లలకు ప్రజాస్వామ్యమని పాఠం చెప్తవు చూడు, గది గిదే."

"నడవొద్దని నేనెప్పుడన్నాను? నీ బాధ న్యాయమైనదే. నా భయమంతా తలుపు మీద రాతకే."

విద్యావతికి ఈ వాదన పట్టలేదు. పక్కవీధికి వెళ్లినవాళ్లు కాస్త ఆలస్యం చేసినా గుమ్మంలో నిలబడిపోయే మనిషి ఆమె. పెట్టె పక్కన చుట్టిపెట్టిన గుడ్డ పటం కనిపించింది. భారతదేశ పటం. కమల రోజూ చంకలో పెట్టుకుని తరగతికి తీసుకెళ్లేది. ఒక వస్తువు ఇంట్లో ఉండిపోతే మనిషి దానికోసమైనా తిరిగి వస్తుందని విద్యావతి నమ్మకం. పటం తీసి తలుపు వెనక నిలబెట్టింది.

"గిది గీడనే ఉంటది. వచ్చి తీస్కపో."

ఇక ప్రయాణం సంగతి. కుర్రాళ్లు రైళ్లెక్కి, మాటను బట్టి ఎవరెక్కడివాళ్లో పసిగడుతున్నారని వీధిలో అనుకుంటున్నారు.

"నువ్వు 'అండీ' అన్నవంటే దొరికిపోతవ్," అంది పద్మ. "నోరు మూసుకొని కూసో. మాట్లాడేది నేను. బెజవాడల మీ అన్నకు అప్పజెప్పి ఎల్లుండి వస్త."

విద్యావతి కంగారుగా భర్త వైపు చూసింది. జనార్దన్ ఆబిడ్స్‌లో బట్టల దుకాణం గుమాస్తా. బంద్ మూలంగా ఇంట్లోనే ఉన్నాడు. "పోనీ," అన్నాడు. "రెండు దినాల ముచ్చటే గద."

పద్మ చేతిసంచిలో రెండు చీరలు, దువ్వెన వేసుకుంది. ఆ సంచి వైపు విద్యావతి చూడనైనా లేదు.

నాంపల్లి స్టేషన్లో విద్యావతి కిటికీ ఊచల్లోంచి కమల చెయ్యి పట్టుకుని కన్నీళ్లు పెట్టుకుంది.

"నా కోసం ఏడ్వవా అమ్మా?" అంది పద్మ.

"నీకేందే, ఎల్లుండి వస్తవ్."

పద్మ ఎల్లుండి రాలేదు. రైళ్లు సరిగా నడవడం లేదనీ, పద్మ తమ ఇంట్లో క్షేమంగా ఉందనీ తెనాలి నుంచి కమల తంతి కొట్టింది. వానలు పడ్డాయి. బడులు తెరిచారు. ఒక సాయంత్రం ఇంటి ముందు రిక్షా ఆగింది. కమల ఒక్కతే దిగింది.

విద్యావతి రిక్షా వెనక్కి తొంగి చూసింది. "పద్మేది బిడ్డా?"

కమల ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి చెప్పింది. తెనాలిలో ఒక ఆడపిల్లల బడికి సోషల్ టీచర్ లేదు. అన్నయ్య గోపాలరావు పద్మను తీసుకెళ్లి చూపించాడు. మొదటి రోజు పిల్లలు ఆమె మాట విని నవ్వారు. వారం తిరిగేసరికి గంట కొట్టినా లేవకుండా కూర్చున్నారు. ఇప్పుడామె కమల గదిలో, కమల తల్లి చేతి వంట తింటూ ఉంది.

"అక్కడ మీ అమ్మాయే గైర్ ముల్కీ పిన్నిగారూ," అంది కమల. "టీచర్లలో ఒకాయన అననే అన్నాడు, ఈ ఉద్యోగం మా ఊరివాళ్లకి రావాలి కదా అని."

విద్యావతి ముందుకు జరిగింది. "మా పద్మ ఏమన్నది?"

"న్యాయమే సార్, ఊరేగింపు తీయున్రి, నేను గూడ ముందల నడుస్త, అంది. ఆయన నవ్వేసి టీ తెప్పించాడు."

విద్యావతి తలుపు వెనక నుంచి పటం తెచ్చి పరిచింది. కమల హైదరాబాదు చూపించింది, తెనాలి ఉండేచోటు చూపించింది. విద్యావతి అరచెయ్యి ఆనించింది. రెండూ దాని కిందికే వచ్చాయి.

"దసరా దాకానేనండీ," అంది కమల. "అప్పటికి వేరే టీచర్ వస్తుందట."

విద్యావతి లేచి ఇంట్లోకి వెళ్లింది. పద్మ పుస్తకాలు, పద్మ గాజులు, దండెం మీద పద్మ చీరలు. ఒక్క పటానికే కమల తిరిగొచ్చింది, ఇన్ని వస్తువులున్నాక పద్మ ఎందుకు రాదు అనుకుని పొయ్యి వెలిగించింది.

1969 దసరాకు వేరే టీచర్ రాలేదు, తెనాలిలో ఆ ఉద్యోగం పద్మకే ఖాయమైంది. పద్మ ఇక తిరిగి రాలేదు.